తాటిదోనె కింద పెద్దనాయన

పోయిన శుక్రవారం సాయంత్రం విరుదునగరంలో వాన పడింది. మా వైపు వానలు మొదలయ్యే ఐప్పసి నెల పుట్టిన నాటినుంచి మబ్బు వచ్చి పోవడమే తప్ప చినుకు రాలలేదు. నేను అద్దెకున్న ఇల్లు పత్తి గోదాముల వీధికి వెనక ఉంది. మొదటి చినుకులు పెంకుల మీద టపటపమనగానే ఇంటావిడ ఇత్తడి బిందె తెచ్చి చూరు కింద పెట్టింది. నేను తిన్నె మీద కూర్చుని ఒక షెడ్డు పటానికి కొలతలు వేసుకుంటున్నాను. తల ఎత్తకుండానే, "అప్పుడే పెట్టొద్దు, ఇల్లు తానం చెయ్యనీ" అన్నాను.

ఆమెకు తెలుగు రాదు. "ఎన్న తంబి?" అంది, ఏమిటి తమ్ముడూ అని. నేను ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాను. అన్నది ఎవరి మాటో అప్పటికి నాకు గుర్తొచ్చింది. అది మా పెద్దనాయన మాట. ముందు నెల పురట్టాసిలో, వానలకు ముందే ఆయన పోయాడు. నేను కోవిల్పట్టికి వెళ్ళి, కర్మలు ముగిసేదాకా ఉండి, తిరిగి వచ్చి పనిలో పడ్డాను. ఆ బిందెను చూసేదాకా ఆయన్ను మళ్ళీ తలుచుకోలేదు.

నాకు దేన్నయినా వరసలో పెట్టి రాయడం అలవాటు. మద్రాసులో కట్టడాల చదువులో నేర్పింది అదే. ముందు స్థలం, తరవాత కట్టడం, తరవాత సామాను. మనిషిని గురించి రాసే పద్ధతి ఎవరూ నేర్పలేదు కాబట్టి దీన్నీ అలాగే మొదలు పెడతాను.

స్థలం కోవిల్పట్టి ఊరి చివర. నల్లరేగడి నేల. ఎండాకాలం పాదం దిగబడేంత బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద కట్టిన గోడ ఏటా కొంచెం కదులుతూనే ఉంటుంది. మా తాత కట్టిన పొడుగాటి పెంకుటిల్లు అలా కదిలి కదిలి పడమటి వైపు కుంగింది. బావి నీళ్ళు ఉప్పన. మనుషులూ పశువులూ వాటికి అలవాటు పడ్డారు గాని, మెత్తని మొక్క ఏది నాటినా ఆకుల అంచులు మాడి చచ్చేది. ఇంటి వెనక చూరు పొడుగునా తాటిమొద్దును చీల్చి తొలిచిన దోనె వేలాడేది. కప్పు మీద పడిన వాన దోనెలోకి జారి, ఇల్లు కుంగిన వైపే పారి, పడమటి కొసన ధార కట్టేది.

తాత పోయాక మా నాయనా పెద్దనాయనా భాగాలు పంచుకున్నారు. పెద్దమనుషులు ఇంటికి అడ్డంగా గోడ పెట్టించి, తూర్పు సగం తమ్ముడికి, పడమటి సగం అన్నకు ఇచ్చారు. బావికి వంతులు పెట్టారు. చేలు, చింతచెట్టు, రోలు కూడా తేల్చారు. ఇంట్లో ఒకటే ఎనుము ఉండేది. గేదెను మా ఇళ్ళలో అలాగే అంటాం. దాన్ని పంచడం కుదరక పెరట్లో నడిమి కొట్టంలోనే ఉంచి, పాలు ఒక పూట వీళ్ళకు, ఒక పూట వాళ్ళకు అన్నారు. కప్పు మీద పడే వాన ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ రోజు ఎండ మండిపోతూ ఉండిందట.

ఆ తరవాత అన్నదమ్ములు మాటలు మానేశారు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవారు. ఎద్దుల జత అమ్మకం అన్నారు కొందరు. ఎవరి పెళ్ళిలోనో పంక్తికి ముందు ఒకరిని పిలిచి ఇంకొకరిని మరిచారని మా అమ్మ అనేది. కారణం ఏదైనా, ఒకే పెరట్లో తిరిగే మనుషులకు మాట్లాడకుండా రోజు గడవదు. అందుకు వాళ్ళు ఎనుమును పెట్టుకున్నారు.

పెద్దనాయన దాని వీపు మీద చెయ్యి వేసి, మా వాకిలి వైపు చూడకుండా, గట్టిగా అనేవాడు: "ఏమే, ఆయనకు చెప్పు. రేపు బాయి వంతు మాది. తెల్లారకముందే వచ్చి ఎద్దుల్ని కవిలెకు కట్టి నీల్లు తోడొద్దని చెప్పు."

మా నాయన ఇటునుంచి వచ్చి దానికి రెండు గడ్డిపరకలు వేసి జవాబు చెప్పేవాడు: "చెప్పవే ఆయనకు. వంతు తెలిసిన మనుషులమే, ఎవురూ నేర్పబల్లేదని చెప్పు."

ఎనుము నెమరు వేస్తూ ఇద్దరి మాటలూ విని ఊరుకునేది.

పడమటి కొసన, దోనె ధార పడే చోట, పెద్దనాయన తోట ఉండేది. తోట అనేది ఆయన మాట. నా లెక్కన అది ఒక మంచం వేసేంత నేల. అందులో నాలుగు అవిసె చెట్లు, వాటికి పాకిన తమలపాకు తీగ. కరువు నేలలో, ఉప్పు బావి పక్కన తమలపాకు పెంచడం ఏమిటని ఊరంతా నవ్వేది. ఆయన పొగాకు నమిలేవాడు గాని ఆకు వేసేవాడు కాదు. ఆ తీగ ఎందుకో పెద్దమ్మ ఒకసారి మా అమ్మతో చెబుతుంటే విన్నాను.

"మన ఆడబిడ్డకు నిశ్చయం పెట్టినప్పుడు ఆకు కొనేదానికి పొయ్యింది ఈయనే. సంతలో ఎప్పుడో కోసిన ఆకు. ఎండలో తెచ్చినాడు. మగపిల్లోని పెద్దాయన పైఆకు ఎత్తి వెలుతురుకు చూసినాడు. కొస నల్లబడి ఉండాది. సుమ్మా అట్టే తువ్వాల దులుపుకోని లేసి పొయ్యినారు. అప్పుడు నుంచి ఈ పిచ్చి."

మా ఇళ్ళలో నిశ్చయ తాంబూలానికి ఆకు చూసే పద్ధతి ఇప్పటికీ ఉంది. కొస విరగకూడదు, వాడకూడదు, తొడిమ ఉండాలి. మా అత్తకు తరవాత తాయిల్పట్టి పక్కన సంబంధం కుదిరి, ఆమె సుఖంగానే ఉంది. పెద్దనాయనకు అది చాల్లేదు. అప్పటినుంచి మా వంశంలో ఏ నిశ్చయానికీ ఆకు సంతనుంచి రాలేదు. ఆయన ఇద్దరు కూతుళ్ళకూ ఆ తీగ ఆకే. ఊళ్ళో వేరేవాళ్ళు వచ్చి అడిగితే, పిల్ల ఎవరు, పిల్లవాడు ఎవరు, ఏ ఊరు అని అన్నీ విచారించి, సంబంధం నచ్చితేనే కోసేవాడు. నచ్చకపోతే "తీగ ఒంట్లో బాగలేదు" అని పంపేసేవాడు.

ఇక సామాను. ధార కింద వరసగా ఒక రాతి తొట్టి, రెండు పెద్ద మట్టిబానలు, పెద్దమ్మ పుట్టింటి ఇత్తడి గంగాళం. గంగాళం విషయంలో ప్రతి వానకూ పోట్లాటే.

"మనుషులకు ఉప్పునీల్లు, తీగకు తీపినీల్లు. యాడన్నా ఉండాదా ఈ న్యాయం?" అనేది పెద్దమ్మ.

"నువ్వు ఉప్పునీల్లు తాగి ఇన్నేండ్లు బతికితివి. ఇంగా గొంతు తగ్గలేదు. అది బతకదు."

వాన రాకను పసిగట్టడంలో ఆయనకు ప్రత్యేకమైన పట్టు ఏమీ లేదు. చాలాసార్లు తప్పేవాడు. తూర్పున మెరిస్తే చాలు, తలగుడ్డ చుట్టుకుని ధార కింద నిలబడి, నక్షత్రాలు వచ్చాక లోపలికి వచ్చేవాడు. పడమటి గాలి వాన తీగకు వేడి చేస్తుందని నమ్మి, ఆ వానకు అవిసె చెట్ల మీద కొబ్బరి తడికలు కప్పేవాడు. తప్పని ఎంత చెప్పినా వినలేదు. అయితే వాన నిజంగా వచ్చినప్పుడు ఆయన చేసే పని ఒకటి ఉంది. అది మారగా నేను చూడలేదు.

ముందు బానలన్నీ ధార కిందనుంచి పక్కకు జరిపేవాడు. ధార నేల మీద పడుతూ ఉంటే, రెండు చేతులూ చాపి దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేవాడు.

"కాకి" అనేవాడు. కప్పు మీది కాకిరెట్టల వాసన అన్నమాట.

కాసేపాగి మళ్ళీ పట్టి, మళ్ళీ ఉమ్మి, "ఓడు" అనేవాడు. ఓడు అంటే పెంకు. మట్టి వాసన అన్నమాట.

మూడోసారి పట్టి మింగేవాడు. ఏమీ అనేవాడు కాదు. మోకాలితో బానను ధార కిందికి తోసేవాడు. అంతవరకు వాన ఎంత జోరుగా పడినా, పెద్దమ్మ ఎంత అరిచినా, చుక్క పట్టనిచ్చేవాడు కాదు. ఇల్లు స్నానం చేసిన నీళ్ళు తీగకు పొయ్యకూడదు.

ఒకసారి పక్కన నిలబడి అడిగాను. "మూడోది ఏం రుచి పెద్దనాయనా?"

"ఏ రుచీ ఉండదు."

"మరి తెలిసేది ఎట్ట?"

"ఏ రుచీ లేకుంటే అదే వాన. నీకు ఇది కూడా పుస్తకంలో రాసి పెట్టాలనా?"

సెలవులకు వచ్చినప్పుడల్లా నేను ఆయనకు ఏదో ఒక మెరుగు చెప్పేవాణ్ణి. ఒక ఏడు సిమెంటు తొట్టి పటం గీసుకుని వచ్చాను. మూత, అడుగున గొట్టం, కొళాయి, పైన వడపోత గుడ్డకు చట్రం. తిన్నె మీద పరిచి చూపించాను. ఆయన చాలాసేపు వంగి చూశాడు. వేలితో గొట్టం వెంట పోయి, కొళాయి దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"బాగా ఉండాది. కప్ప యాడ ఉంటాది?"

"కప్పా?"

"తొట్లో ఉండాది గదా మన కప్ప."

"మూత ఉంటుంది పెద్దనాయనా. కప్ప రాదు."

"అప్పుడు నాకొద్దు. కప్ప లేని నీల్లు నేను నమ్మను" అని కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చాడు.

ఇంకో ఏడు కప్పు కొలిచి, పడే వానలో సగానికి పైగా దోనె అంచులు దాటి పారిపోతోందని లెక్క చూపించాను. ఆ లెక్క తప్పు కాదు. ఆయన కూడా కాదనలేదు.

"పోనీరా. అంతా నేనే పట్టుకుంటే మీ నాయనకు వాసన కూడా మిగలదు" అన్నాడు, మా నాయన వినేటట్టు.

అలాంటి మాటే చివరికి దోనెకు ముప్పు తెచ్చింది. దీపావళి పండగ. చుట్టాలు వచ్చి పెరట్లో కూర్చుని ఉన్నారు. ఎవరో తమలపాకు తీగను మెచ్చుకున్నారు. పెద్దనాయన ఎనుము గంగడోలు గోకుతూ, "చెప్పవే ఆయనకు. ఓడు ఉండేది అందురికీనే, నీల్లు పట్టేదానికి చెయ్యి ఉండాల" అన్నాడు. చుట్టాలు నవ్వారు. మా నాయన నవ్వలేదు.

మరునాడు పొద్దున్నే నన్ను పిలిచాడు. "మన ఓడు మీద పడే నీల్లు మనవే గదా?"

"మనవే."

"అవి మన పక్కకే రావాల. రసమట్టం పెట్టి చూడు."

రసమట్టం పెట్టి చూశాను. ఇల్లు పడమటికి కుంగింది కాబట్టి మన సగానికి వేరే దోనె కట్టి తూర్పుకు వాలు ఇవ్వాలంటే, ఆ కొస చూరుకు జానెడు కిందుగా వేలాడుతుంది, జోరు వానకు పొంగుతుంది అని చెప్పాను. "పొంగనీ" అన్నాడు. విరుదునగరంనుంచి రేకు తెప్పించాడు. వడ్రంగి నిచ్చెన ఎక్కి, అడ్డుగోడకు సరిగ్గా పైన, తాత పెట్టిన తాటిదోనెను రంపంతో కోశాడు.

పెద్దనాయన కింద నిలబడి చూశాడు. పొట్టు ఆయన తలగుడ్డ మీద పడింది. దులుపుకోలేదు. కోయడం అయ్యాక కొట్టంలోకి వెళ్ళి, చాలా మెల్లగా, "చూస్తివా?" అన్నాడు ఎనుముతో. ఎవరికి చెప్పమనీ అనలేదు.

ఆ వారమే వాన వచ్చింది. మా రేకుదోనె నేను చెప్పినట్టే పొంగింది. తూర్పు కొసన నీళ్ళు ధారగా పడి మా పెరడంతా నల్లబురద అయింది. మాకు బానలు లేవు, తొట్టి లేదు, పోయడానికి మొక్క లేదు. మా అమ్మ కాలు జారి గోడ పట్టుకుని నిలబడి, "ఇంగ దీంట్లో వరి నాటండి" అంది. మా నాయన పంచ ఎత్తి కట్టుకుని, తన నీళ్ళు బురదలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. అవతల పెద్దనాయన దోసిలి పట్టి ఉమ్ముతూ ఉన్నాడు. ఆయన ధార సగమే ఉంది. గంగాళం దాకా రాకుండానే వాన ఆగిపోయింది.

ఆ ఏడు వానలు తొందరగా వెళ్ళిపోయాయి. చలి పోయే మాసి నెలకు మా చెల్లెలికి ఎట్టయాపురం పక్కనుంచి సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, మంచి పిల్లవాడు. చెల్లెలు కూడా ఒప్పుకుంది. తరవాతి నెల పంగునిలో నిశ్చయం అనుకున్నారు. మా అమ్మకు ఒకటే దిగులు. "ఆకుకు ఏమి చేసేది?"

"సంతలో ఆకే లేదా?" అన్నాడు నాయన.

"మీ చెల్లెలికి తెచ్చింది కూడా సంత ఆకే" అంది అమ్మ.

అడ్డుగోడకు అవతల సంగతి మాకు పెద్దమ్మ ద్వారా తెలుస్తూనే ఉంది. ఒక బాన ఎండిపోయింది. తొట్టిలో కప్ప పైకి వచ్చి కూర్చుంది. కింది ఆకులు పండి రాలుతున్నాయి. ఆయన పొద్దున్నే కొబ్బరిచిప్పతో కొలిచి మొదళ్ళకు మాత్రం పోస్తున్నాడు. ఎవరికీ ఆకు ఇవ్వడం లేదు. పక్క వీధి వాళ్ళు మంచి సంబంధమే అని చెప్పినా, "తీగ ఒంట్లో బాగలేదు" అన్నాడట. ఈసారి అది నిజం.

నిశ్చయం రోజు పొద్దుటి రైలుకు నేను విరుదునగరంనుంచి ఆకు తెచ్చాను. కట్టను అరటిపట్టలో చుట్టి, తడిగుడ్డ కప్పి, ఒడిలో పెట్టుకునే కూర్చున్నాను. ఇంటికి వచ్చి విప్పేసరికి పైవరస కొసలు నల్లబడి ఉన్నాయి. కింది వరస తీశాం. అదీ అంతే. వాకిట్లో బండి ఆగిన చప్పుడు వినిపించింది. మగపిల్లవాడి వాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్నారు. చెల్లెలు తలుపు సందులోంచి ఆ ఆకులు చూసి తల వంచుకుంది. మా నాయన ఆకు తరవాత ఆకు తిప్పి చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు పెరట్లోంచి గొంతు వినిపించింది. ఎప్పటికంటే గట్టిగా.

"ఆకు కోసిపెట్టినానే. కావాల్సినోల్లు తీసుకోనీ. వద్దంటే నువ్వు తిను."

నాయన లేచి పెరట్లోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. కొట్టానికి అటు పెద్దనాయన, ఇటు నాయన. నడుమ ఎనుము. దాని ముందు గడ్డి మీద తడి తువ్వాలలో ఆకులు. అవిసె చెట్లు బోసిగా కనిపించాయి. తీగ మీద ఒక్క మంచి ఆకు కూడా ఉంచలేదు. ఎనుము తువ్వాల వైపు మూతి చాపుతుంటే పెద్దనాయన దాని ముక్కు పక్కకు నెడుతూ ఉన్నాడు.

నాయన అన్న మొహం చూడలేదు. ఎనుము వీపు మీద చెయ్యి వేశాడు.

"ఆయనకు చెప్పు" అన్నాడు. "వాల్లు వచ్చేసినారు. ఇంటికి పెద్దోడు లేకుండా తాంబూలం తట్ట ఎవురు ఎత్తేదని అడుగు."

పెద్దనాయన కాసేపు ఎనుము చెవి నిమిరాడు. "పంచ మార్చుకోని వస్తాడంట, చెప్పు" అన్నాడు.

వచ్చాడు. తట్ట ఎత్తాడు. మగపిల్లవాడి తాత పైఆకు తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుని, అటూ ఇటూ తిప్పాడు. పెద్దనాయన ఆ ఆకు వంక చూడలేదు. నేల వంక చూస్తూ నిలబడ్డాడు. ముసలాయన ఆకును కళ్ళకద్దుకుని, "ఈ ఊర్లో ఇట్టాంటి ఆకు యాడిది?" అన్నాడు.

"అన్నదమ్ములది" అన్నాడు పెద్దనాయన.

దీని తరవాత వాళ్ళు మాట్లాడుకున్నారని రాయాలని ఉంది గాని, మాట్లాడుకోలేదు. కడదాకా ఎనుముతోనే చెప్పించుకున్నారు. ఆ ఎనుము ముసలిదై పోయాక దాని దూడతో చెప్పించుకున్నారు. తీగ ఆ ఎండాకాలం మొదలుదాకా మాడింది. ఎండలు తగ్గిన ఆవణిలో ఒక కణుపు దగ్గర చిగురేసింది. ఐప్పసికి ముందు ఒక రోజు మా నాయన ఎవరితోనూ చెప్పకుండా నిచ్చెన వేసుకుని, రేకుదోనెను తూర్పు కొసన పైకెత్తి, అడ్డుగోడ దగ్గర తాటిదోనె మీదికి కలిపాడు. వాలు నేను చూశాను. సరిగానే ఉంది.

ఆ ఏటి మొదటి వానకు పెద్దనాయన దోసిలి పట్టి, "కాకి" అన్నాడు. తరవాత "ఓడు" అన్నాడు. మూడోసారి మింగబోయి ఆగి, ఉమ్మి, ఎనుము కొట్టం వైపు తిరిగి అరిచాడు: "రేకు! ఆయనకు చెప్పవే, రేకు!" బానను తోయడానికి ఇంకో దోసిలి ఆగాల్సి వచ్చింది. అప్పటినుంచి మా ఇంటి వానకు నాలుగు రుచులు.

శుక్రవారం విరుదునగరంలో పడిన వాన కోవిల్పట్టికి రాలేదట. శనివారం సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి అక్కడ మబ్బు పట్టింది. స్టేషన్‌నుంచి నడుస్తుండగానే మొదలైంది. ఇంట్లో ఎవరూ లేరు. వెనకకు వెళ్ళాను. మా నాయన పడమటి కొసన, ధార కింద ఉన్నాడు. బానలు పక్కకు జరిపి ఉన్నాయి. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి అరుస్తోంది. "పెట్టు మరిదీ, పోతుండాది అంతా! ఎంతసేపు ఉమ్ముతావు?"

నాయన దోసిలి పట్టి, పుక్కిలించి ఉమ్మాడు. మళ్ళీ పట్టాడు. మళ్ళీ ఉమ్మాడు. నన్ను చూశాడు. తల మీద గుడ్డ లేదు, నీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి.

"కాకి పోయినాది. ఓడు పోయినాది. రేకు కూడా పోయినట్టే ఉండాది" అన్నాడు. "అప్పరం ఇంగ ఏమి రుచి రావాలరా? నాకెప్పుడూ చెప్పలేదు."

"ఏ రుచీ ఉండదు నాయనా. అదే వాన."

ఆయన మళ్ళీ దోసిలి పట్టాడు. ఈసారి మింగాడు. మోకాలితో బానను ధార కిందికి తోశాడు. తొట్టి నిండింది, బానలు నిండాయి. పెద్దమ్మ తనే వెళ్ళి గంగాళం తెచ్చి పెట్టింది. వాన తగ్గాక నాయన తడి పంచతోనే కొట్టంలోకి వెళ్ళాడు. దూడ తల ఎత్తి చూసింది. దాని వీపు మీద చెయ్యి వేశాడు.

"ఆయనకు చెప్పవే" అన్నాడు. "గంగాళం దాకా నిండినాదని చెప్పు."